మూడు వేలలోపు యుకులేలే: విశాఖలో ఏది కొనాలి, దేన్ని వదిలేయాలి

యుకులేలే అంటే చిన్న గిటార్ లాంటి నాలుగు తీగల వాద్యం. అది కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏ బ్రాండ్ మంచిది?" అని. బడ్జెట్ తక్కువగా ఉన్నప్పుడు ఆ ప్రశ్నతో పెద్దగా పని జరగదు. రెండు మూడు వేల ధరలో ఒకే బ్రాండ్, ఒకే మోడల్ తీసుకున్నా పీసు పీసుకీ తేడా ఉంటుంది. ఒకటి హాయిగా పలుకుతుంది, పక్కనే ఉన్న రెండోది మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే మెట్టు) దగ్గరే అపశ్రుతి పలుకుతుంది. కాబట్టి ముందు చూడాల్సినవి మూడే. శ్రుతి చేస్తే నిలుస్తుందా? నొక్కిన చోట సరైన స్వరం వస్తుందా? వేలు నొప్పెట్టకుండా తీగ నొక్కగలుగుతున్నామా? ఈ మూడూ ఉన్న వాద్యం చూడ్డానికి ఎంత సాదాగా ఉన్నా తీసుకోవచ్చు. ఇవి లేకపోతే దాని మీద ఎంత అందమైన నగిషీ ఉన్నా వద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి తప్పు వాద్యానిదో తమదో తెలియదు. నెల రోజులు కష్టపడ్డాక కూడా సీ కార్డు (కొన్ని స్వరాలు ఒకేసారి పలికించడాన్ని కార్డు అంటారు) వినసొంపుగా రాకపోతే "మనకి సంగీతం అబ్బదు" అనుకుని పక్కన పెట్టేస్తారు. పిల్లలైతే మరీ తొందరగా వదిలేస్తారు. నిజానికి ఆ యుకులేలే మీద పండిపోయిన విద్వాంసుడు వాయించినా ఆ కార్డు అలాగే వినిపిస్తుంది. ఏడెనిమిది వందలు మిగిలాయని అలాంటిది కొంటే, పోయేది ఆ డబ్బు ఒక్కటే కాదు.

ధరని బట్టి ఏం దొరుకుతుంది

వెయ్యి రూపాయల లోపు దొరికేవి చాలావరకు ఆటబొమ్మలు. బొమ్మల కొట్లలో, ఆన్‌లైన్‌లో "పిల్లల యుకులేలే" అని కార్టూన్ బొమ్మలతో వచ్చేవి ఈ రకమే. ఫ్రెట్లు ఉజ్జాయింపుగా బిగించి ఉంటాయి, తీగలు గాలం దారంలా ఉంటాయి, తీగలు బిగించే బిరడాలు తిప్పిన కాసేపటికే వెనక్కి జారిపోతాయి. మూడేళ్ల పాప చేతికి ఆడుకోవడానికి ఇవ్వొచ్చేమో గానీ, నేర్చుకోవడానికి పనికిరావు.

సుమారు పదిహేను వందల నుంచి మూడు వేల దాకా అసలు ఎంపిక. కేడెన్స్, జువారెజ్, వాల్ట్ లాంటి ఇక్కడి మార్కెట్ బ్రాండ్లు, బయటి నుంచి వచ్చే మహాలో లాంటివి ఇంచుమించు ఈ శ్రేణిలోనే తిరుగుతుంటాయి. ఆఫర్లని బట్టి ధరలు పైకీ కిందకీ పోతాయి కాబట్టి అంకెల్ని ఉజ్జాయింపుగానే తీసుకోండి. ఇవన్నీ పలచటి చెక్క పొరలు అతికించి చేసిన లామినేట్ వాద్యాలు, అంటే ఒక రకమైన ప్లైవుడ్. ఆ మాట విని తీసిపారేయకండి. మన ఊరికి అదే మంచిదని కింద చెబుతాను.

ఆ పైన, ఐదారు వేల దగ్గర, కాలా కేఏ-15 లాంటివి వస్తాయి. అది కూడా లామినేట్ మహాగనీయే. కాకపోతే పనితనంలో నిలకడ ఎక్కువ, పైగా ఇటలీ కంపెనీ అక్విలా తయారుచేసే మంచి తీగలతోనే వస్తుంది. పీసుని చేతిలోకి తీసుకుని చూసే వీలు లేక ఆన్‌లైన్‌లోనే కొనాల్సి వస్తే, ఆ అదనపు డబ్బు మనశ్శాంతి కోసం పెట్టినట్టే. చేతిలో మూడు వేలే ఉంటే మాత్రం అప్పు చేసి మరీ అక్కడికి వెళ్లాల్సిన అవసరం లేదు.

సైజు: నా ఓటు కాన్సర్ట్‌కే

సోప్రానో అన్నిటికన్నా చిన్నది, మొత్తం పొడవు 21 అంగుళాలు. కాన్సర్ట్ 23 లేదా 24, టెనర్ 26. ఈ మూడిటికీ శ్రుతి ఒకటే: పైనుంచి కిందికి జీ, సీ, ఈ, ఏ. మన లెక్కలో సీని సా అనుకుంటే ఖాళీ తీగలు, అంటే ఎక్కడా నొక్కకుండా మీటినవి, వరసగా పా, సా, గా, దా పలుకుతాయి. ఇంకా పెద్దదైన బారిటోన్ శ్రుతి వేరు, డీ, జీ, బీ, ఈ. గిటార్ కింది నాలుగు తీగల్లాగే ఉంటుంది. మొదటి వాద్యంగా దాన్ని తీసుకుంటే యూట్యూబ్ పాఠాలేవీ సరిపోవు, కాబట్టి దాని జోలికి వెళ్లకండి.

చవక వాద్యాల్లో సోప్రానోకి ఒక ఇబ్బంది ఉంది. తీగ చిన్నదయ్యేకొద్దీ చిన్న పొరపాటు కూడా పెద్దగా వినిపిస్తుంది. ఫ్రెట్ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా, తీగ కాస్త ఎత్తుగా ఉన్నా స్వరం పక్కకి పోతుంది. కాన్సర్ట్‌లో తీగ పొడవు సుమారు 38 సెంటీమీటర్లు, సోప్రానోలో 35. తేడా మూడే సెంటీమీటర్లు అనిపిస్తుంది గానీ, ఈ ధరలో అది చాలా తప్పుల్ని కాస్తుంది. వేళ్లకి జాగా కూడా పెరుగుతుంది. ధరలో తేడా సాధారణంగా కొద్ది వందలే. పెద్దవాళ్లకీ, పదేళ్లు దాటిన పిల్లలకీ నేను కాన్సర్టే చెబుతాను. ఆరేడేళ్ల పిల్లలకి సోప్రానో చాలు, వాళ్ల చేతికి అదే నప్పుతుంది. టెనర్ బాగుంటుంది గానీ, ఈ బడ్జెట్‌లో దానికి తగ్గ పనితనం దొరకడం కష్టం.

చేతిలోకి తీసుకున్నాక చూడాల్సినవి

జగదాంబ, డాబాగార్డెన్స్ చుట్టుపక్కల దుకాణాలు తిరిగినా, పార్సిల్ ఇంటికొచ్చాక విప్పినా పరీక్ష ఒకటే. ఫోన్‌లో శ్రుతి సరిగా ఉందో లేదో చూపించే ఉచిత ట్యూనర్ యాప్ ఒకటి వేసుకుని వెళ్లండి. రోడ్డు మీది హారన్ల గోలలో ఫోన్ సరిగా పట్టదు. అందుకే వాద్యం తలకి బిగించే క్లిప్ ట్యూనర్ ఉంటే మేలు. అది గాలిలోంచి వచ్చే శబ్దాన్ని కాదు, చెక్కలోని కంపనాన్ని చదువుతుంది. మూడు నాలుగు వందల్లో దొరుకుతుంది, తర్వాత కూడా రోజూ పనికొస్తుంది.

మొదట బిరడాలు చూడండి. పళ్ల చక్రాలున్న గేర్ బిరడాలైతే తలకి రెండు పక్కలా చెవుల్లా బయటికి కనిపిస్తాయి. కొన్నిటికి తల వెనక్కి పొడుచుకొచ్చే బిరడాలుంటాయి, అవి వయొలిన్ బిరడాల్లా కేవలం రాపిడి మీద నిలుస్తాయి. మంచి రాపిడి బిరడాలు ఖరీదైన వాద్యాల్లో ఉంటాయి. చవకవాటిలో ఇవి కనిపిస్తే వదిలేయండి. కొంచెం కదిపితే శ్రుతి ఎక్కడికో పోతుంది, కొత్తవాళ్లకి పట్టుబడదు. గేర్ బిరడాలైనా ఒక్కోటీ తిప్పి చూడండి. మెత్తగా, ఒకే బిగువుతో తిరగాలి. మధ్యలో ఖాళీగా తిరిగి ఆ తర్వాత పట్టుకునేదైతే వద్దు.

తర్వాత శ్రుతి చేసి, చెవితో చేసే మూడు పరీక్షలు. ఇవి తెలిస్తే దుకాణంలో ఎవరూ మిమ్మల్ని మభ్యపెట్టలేరు, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను.

నాలుగో తీగని, అంటే మీ ముఖానికి దగ్గరగా ఉన్నదాన్ని, రెండో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటండి. వెంటనే ఒకటో తీగని ఖాళీగా మీటండి. రెండూ ఒకే స్వరం పలకాలి. నొక్కినది కొంచెం ఎక్కువ శ్రుతిలో వినిపిస్తే, తల దగ్గరుండే నట్ గాడి లోతు చాలక తీగ ఎత్తుగా ఉందన్నమాట. నొక్కినప్పుడు తీగ సాగి స్వరం పైకి పోతుంది. చవక యుకులేలేల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే లోపం ఇదే. కొత్తవాళ్లు వాయించేదంతా మొదటి మూడు ఫ్రెట్లలోనే కాబట్టి అన్నిటికన్నా బాధపెట్టేదీ ఇదే.

రెండోది: రెండో తీగ మూడో ఫ్రెట్, నాలుగో తీగ ఖాళీ. రెండూ ఒకే పా. మూడోది: ఒకటో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ ఖాళీ. ఇక్కడ ఒకటి సా, ఇంకోటి పై సా. రెండూ కలిపి మీటితే అలలు అలలుగా కొట్టుకోకుండా ఒకదానిలో ఒకటి కలిసిపోవాలి. సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇది చెవికి వెంటనే తెలుస్తుంది. తెలియనివాళ్లు ట్యూనర్ సూది చూసుకోవచ్చు. ఒక అర్ధస్వరాన్ని 100 సెంట్లుగా లెక్కేస్తారు. ఐదారు సెంట్ల తేడా ఈ ధరలో మామూలే. 15 దాటితే పక్కన పెట్టేయండి.

ఇక పన్నెండో ఫ్రెట్. అది తీగకి సరిగ్గా సగం. అక్కడ నొక్కి మీటితే ఖాళీ తీగ స్వరమే పై స్థాయిలో రావాలి. నాలుగు తీగల మీదా చూడండి. ఒక తీగ మీద మాత్రమే తేడా వస్తే ఆ తీగదే లోపం కావచ్చు, మారిస్తే పోతుంది. నాలుగింటి మీదా ఒకేలా తేడా వస్తుంటే తీగల కింది కొసల్ని పట్టి ఉంచే బ్రిడ్జిని తప్పు చోట అతికించారని అనుమానించాలి. దానికి మందు లేదు.

పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఎత్తు రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు ఉంటే సుఖంగా నొక్కొచ్చు. మూడున్నర ఉన్నా మిగతావన్నీ బాగుంటే కొనొచ్చు, ఎందుకంటే దీన్ని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. బ్రిడ్జి మీదుండే తెల్లటి శాడిల్ ముక్కని తీగలు వదులు చేసి బయటికి తీసి, చదునైన బల్ల మీద పరిచిన గరుకు కాగితం మీద దాని అడుగుభాగం రుద్దాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ ఒక మిల్లీమీటరు తగ్గాలి. కొంచెం కొంచెంగా రుద్దుతూ మళ్లీ పెట్టి చూసుకోండి, ఎక్కువ పోతే తిరిగి రాదు. అడుగు వంకర పోకుండా చూడటం ముఖ్యం. నట్ గాడి లోతు చేయడం మాత్రం సన్నటి ఆకురాయి పని. గిటార్లు బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

చివరగా, ఫ్రెట్‌బోర్డు అంచు వెంట అరచేతిని పైకీ కిందకీ నడపండి. ఫ్రెట్ల కొసలు గీసుకుంటున్నాయా? బ్రిడ్జి వెనక అంచు కింద కాగితం కొస దూరుతోందా? దూరితే జిగురు ఊడుతోందన్నమాట. ఒక్కో తీగనీ ఒక్కో ఫ్రెట్ దగ్గరా మీటుతూ పోతే ఎక్కడైనా జివ్వుమని మోగుతోందేమో తెలుస్తుంది. ఈ మొత్తానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు ఇవ్వడానికి విసుక్కునే దుకాణంలో కొనాల్సిన పని లేదు.

సముద్రపు గాలి సంగతి

ఖరీదైన వాద్యాల గురించి చదివితే "సాలిడ్ టాప్" అనే మాట పదే పదే వస్తుంది. అంటే పై పలక ఒకే చెక్కతో చేసినది. నాదం నిజంగానే బాగుంటుంది. కానీ ఒకే చెక్క గాలిలోని తేమని పీల్చి ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుపోతుంది. విశాఖలో ఏడాదిలో ఎక్కువ కాలం గాలి తడితడిగానే ఉంటుంది. పగలంతా ఉక్కపోత, రాత్రి ఏసీ. ఈ రెండిటి మధ్యా నలిగి పై పలక ఉబ్బితే తీగల ఎత్తు పెరుగుతుంది. లామినేట్‌లో పొరల్ని ఒకదానికొకటి అడ్డంగా అతికిస్తారు కాబట్టి అంత తొందరగా కదలదు. అందుకే నాలుగు వేలకి సాలిడ్ టాప్ ఇస్తామని ఎవరైనా ఊరించినా, విశాఖలో ఉండేవాళ్లకి అదే డబ్బుతో బాగా చేసిన లామినేట్ తీసుకోమంటాను.

తీగల విషయంలో యుకులేలే మనకి అనుకూలం. నైలాన్ లేదా ఫ్లోరోకార్బన్ తీగలు తుప్పు పట్టవు. ఆర్కే బీచ్ దగ్గరుండేవాళ్లకి గిటార్ ఉక్కు తీగలు ఎంత త్వరగా నల్లబడతాయో తెలుసు. కానీ ఫ్రెట్లూ, బిరడాల చక్రాలూ లోహమే. వాయించాక పొడి నూలు గుడ్డతో తుడవండి. సంచిలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. మూసిన కారులో మాత్రం మధ్యాహ్నం పూట వదలొద్దు, వేడికి బ్రిడ్జి జిగురు మెత్తబడుతుంది.

రుషికొండ ఇసుకలో, భీమిలి పిక్నిక్‌లో వాయించాలన్నదే మీ కోరిక అయితే ప్లాస్టిక్ ఒంటి యుకులేలేలు చూడండి. ప్లాస్టిక్ అనగానే ఆటబొమ్మ అనుకోనక్కర్లేదు. గిటార్ల తయారీలో పేరున్న మారియో మక్కాఫెర్రీ 1949లోనే ప్లాస్టిక్ యుకులేలే తెచ్చాడు, అవి లక్షల్లో అమ్ముడయ్యాయి. ఇప్పుడు కాలా వారి వాటర్‌మ్యాన్, వీపు ప్లాస్టిక్‌తోనూ పై పలక చెక్కతోనూ ఉండే ఫ్లైట్ కంపెనీ ట్రావెల్ రకం లాంటివి ఉన్నాయి. ఫ్రెట్లు అచ్చులో పోసినవి కాబట్టి కొసలు గీసుకోవు. వాటర్‌మ్యాన్ లాంటిది తడిసినా భయం లేదు. నాదంలో చెక్క వెచ్చదనం కొంచెం తగ్గుతుంది. ఇంట్లో కూర్చుని నేర్చుకునేవాళ్లకి నేను చెక్కే చెబుతాను. బ్యాగులో వేసుకుని ఊరూరా తిరిగే విద్యార్థికి ప్లాస్టిక్ మంచి ఎంపిక. ఒక జాగ్రత్త: ప్లాస్టిక్ ఫ్రెట్ల మీద లోహపు తీగ చుట్టిన తీగలు వేయొద్దు, ఫ్రెట్లని అరగదీస్తాయి.

సెకండ్ హ్యాండ్

దీన్ని చాలామంది పట్టించుకోరు. ఉత్సాహంగా కొని రెండు నెలల్లో అటక ఎక్కించినవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు. కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో, ఎంవీపీ కాలనీ, మద్దిలపాలెం హాస్టళ్లలో కోర్సు అయిపోయి ఊరు వెళ్లిపోయే పిల్లల్ని అడిగి చూడండి. ఐదారు వేల వాద్యం సగం ధరకి దొరికితే కొత్త రెండున్నర వేల దానికన్నా అదే మేలు. పైన చెప్పిన పరీక్షలే మళ్లీ చేయండి. వీటితో పాటు పగుళ్లు, బ్రిడ్జి లేవడం, మెడ వంగడం చూసుకోవాలి. మెడని బాణంలా కంటికి ఎదురుగా పట్టుకుని చూస్తే వంపు తెలిసిపోతుంది. తీగలు పాతబడి ఉంటే కంగారు వద్దు, ఎలాగూ మారుస్తాం.

మూడు వేలని ఎలా పంచాలి

మొత్తం మూడు వేలూ వాద్యం మీదే పెట్టకండి. రెండు వేలూ రెండు వేల రెండు వందల మధ్య గేర్ బిరడాలున్న లామినేట్ కాన్సర్ట్ ఒకటి తీసుకుని, మిగిలిన దాంట్లో ఆరేడు వందలు అక్విలా లాంటి మంచి తీగలకి ఉంచండి. చవక వాద్యంతో వచ్చే తీగలు తరచుగా మందంగా, మొద్దుగా ఉంటాయి. తీగలు మార్చాక అదే యుకులేలేనా అనిపించేంత తేడా వస్తుంది. దానికి మించి ఫలితమిచ్చే ఖర్చు ఇంకోటి లేదు. ఇంకా కొంత మిగిలితే నట్ సరిచేయించడానికి, లేదా క్లిప్ ట్యూనర్‌కి. వాద్యంతో పాటు సంచి, క్యాపో (మెడకి బిగించి శ్రుతి పెంచే క్లిప్పు), పిక్కులు (తీగలు మీటే ముక్కలు), పట్టీ, పుస్తకం అన్నీ కలిపి ఇచ్చే "కాంబో" చూసి పొంగిపోకండి. ఆ సామాన్ల ధర ఎక్కడో అక్కడ వాద్యంలోంచే తగ్గుతుంది. సంచి ఒక్కటి వస్తే చాలు.

పదిహేను వందలు మాత్రమే ఉంటే? నా మాటకి విలువిస్తే రెండు నెలలు ఆగండి, లేదా సెకండ్ హ్యాండ్ వెతకండి. ఆగలేకపోతే సోప్రానోకి దిగండి గానీ, గేర్ బిరడాల విషయంలో మాత్రం రాజీ పడొద్దు.

ఇంకో మాట, కర్ణాటక సంగీతం వాయించాలన్న ఆశతో కొనేవాళ్లకి. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్ మీద గమకాలు పలికించిన తీరు విన్నవాళ్లు, ఇంత చిన్న వాద్యం మీద కూడా కుదురుతుందేమో అనుకోవడం సహజం. మాండొలిన్‌వి ఉక్కు తీగలు, పక్కకి లాగితే స్వరం కదులుతుంది. నైలాన్ తీగని లాగితే స్వరం పెద్దగా కదలదు. యుకులేలే పాటకి తోడుగా కార్డులు వాయించుకునే వాద్యం. సినిమా పాటలకీ, భక్తి పాటలకీ, పిల్లల పాటలకీ చక్కగా అమరుతుంది. ఖాళీ మూడో తీగ సీ కాబట్టి ఒకటో శ్రుతిలో పాడేవాళ్లకి నేరుగా కుదురుతుంది, మిగతావాళ్లు క్యాపో వేసుకోవచ్చు.

ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ ఉందా, కేవలం రీప్లేస్‌మెంట్ మాత్రమేనా అన్నది ఆర్డర్ పెట్టకముందే చదవండి. వాద్యం వచ్చిన రోజే ఫ్రెట్లు, బ్రిడ్జి, బిరడాలు చూసి, విప్పడం దగ్గర్నుంచి వీడియో తీసి ఉంచుకోండి. మొదటి రోజుల్లో శ్రుతి మాటిమాటికీ దిగిపోతుంటే "పాడైంది" అని టెన్షన్ పడొద్దు. కొత్త నైలాన్ తీగలు సాగుతాయి, కుదురుకోవడానికి వారం దాకా పడుతుంది. రోజూ ఒక్కో తీగనీ మధ్యలో పట్టుకుని మెల్లగా పైకి లాగి వదిలి, మళ్లీ శ్రుతి చేయండి. రిటర్న్ గడువు ముగియడానికి ఒక రోజు ముందు, తీగలు కుదురుకున్నాక, నాలుగో తీగ రెండో ఫ్రెట్ పరీక్షా పన్నెండో ఫ్రెట్ పరీక్షా ఇంకోసారి చేసి చూడండి. నాలుగు తీగల మీదా ఇంకా తేడా కనిపిస్తుంటే మొహమాటపడకుండా వెనక్కి పంపేయండి.